కొత్త విండోస్ వేసిన తరువాత తెర చెడినచో

ఇటీవల మన సంఘమునకు అందుచున్న ప్రశ్నలలో నూలు ధరలు, మజూరీలు, సొసైటీ బకాయిలతో పాటు ఒక కొత్త ప్రశ్న తరచుగా కనబడుచున్నది. "ఇంటిలోని పాత కంప్యూటరుకు కొత్త విండోస్ వేయించితిమి. ఆనాటినుండి తెర సరిగా లేదు. బొమ్మలు సాగినట్లు కనబడుచున్నవి. ఒక్కొక్కప్పుడు తెర నల్లబడుచున్నది. యంత్రము పోయినట్లేనా?" అని అడుగుచున్నారు. డిజైన్లు గీయుటకు, జకార్డు అట్టలు కొట్టించుటకు, బిల్లులు వ్రాయుటకు, బ్యాంకు పనులకు కంప్యూటరుపై ఆధారపడు కుటుంబములు మనలో పెరిగినవి గనుక, ఈ విషయమును కొంచెము వివరముగా వ్రాయుట అవసరమని తలచితిమి.

ముందుగా ధైర్యము చెప్పవలసిన మాట ఒకటి కలదు. ఇట్టి సందర్భములలో చాలవరకు యంత్రము చెడియుండదు. యంత్రమునకును కొత్త విండోసుకును నడుమ నుండవలసిన దుబాసీ లేకపోవుటయే కారణము. ఆ దుబాసీకే డ్రైవరు అని పేరు. సరియైన డ్రైవరు వచ్చినచో తెర చక్కబడును. ఇందుకై కొత్త యంత్రము కొననక్కరలేదు, అప్పు చేయనక్కరలేదు. రెండవ మాట ఇంకను ముఖ్యమైనది. తెర చక్కబడువరకు దానిమీద కనబడు డిజైనును నమ్మి దిద్దరాదు. దిద్దినచో ఏమగునో రేగుంటలోని ఒక కుటుంబమునకు తెలిసివచ్చినది.

రేగుంటలో జరిగినది

రేగుంట మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకాలో ఉన్నది. ఈ జిల్లా 1982లో చంద్రపూర్ జిల్లానుండి విడివడి ఏర్పడినది. ప్రాణహిత, గోదావరి నదుల కావలి ఒడ్డు తెలంగాణము. ఇటువైపు మనవారు ఇంట మాట్లాడునది తెలుగు. కచేరీలో నడుచునది మరాఠీ. కంప్యూటరు తెరమీద కనబడు హెచ్చరికలు మాత్రము ఇంగ్లీషు. ఏదైన చెడినప్పుడు చూపించుకొనుటకు జిల్లా కేంద్రమైన గడ్చిరోలి చాల దూరము. నది దాటి చెన్నూరుకో, మహదేవపూరు వైపునకో పోవుట అలవాటు.

అక్కడి మన కుటుంబమొకటి చీరల అంచులకు, బుటాలకు డిజైన్లు తయారుచేసి, అట్టలు కొట్టించి, నది కావలి బంధువుల మగ్గములకు పంపుచున్నది. వారి కంప్యూటరు విండోస్ 7తో నడుచుచుండెను. ఆ విండోసుకు మైక్రోసాఫ్ట్ వారి మద్దతు 2020 జనవరి 14తో ముగిసినది. 2023నుండి క్రోమ్ కొత్త కూర్పులు కూడ దానికి రాలేదు. బ్యాంకు పనులకు చిక్కు వచ్చుచుండుటచే, పట్టణములోని ఒక దుకాణమునకు తీసికొనిపోయి విండోస్ 10 వేయించిరి.

ఇంటికి తెచ్చి చూడగా అక్షరములన్నియు లావుగా, అడ్డముగా సాగి కనబడినవి. గుండ్రని బుటా అడ్డముగా పడుకొన్న కోడిగ్రుడ్డువలె నున్నది. విండోస్ మార్చినప్పుడు ఫైలే చెడినదని ఇంటి కుర్రవాడు అనుకొనెను. బుటా వెడల్పు తగ్గించి, తెరమీద గుండ్రముగా కనబడునట్లు దిద్దెను. ఆ ప్రకారమే అట్టలు కొట్టించి పంపిరి. మగ్గముమీద కూర్చున్న పెదనాన్న జానెడు గుడ్డ నేయగానే నాడె ఆపి, "ఇది గుండు బుటా కాదురా, నిలువు గ్రుడ్డు" అని ఫోనులో చెప్పెనట.

లెక్క ఇది. ఆ ఇంటి తెర వెడల్పున 1366, ఎత్తున 768 చుక్కలు గలది. డ్రైవరు లేని విండోస్ దానికి 1024 వెడల్పు, 768 ఎత్తు గల బొమ్మను పంపుచుండెను. ఎత్తు సరిపోయినది. వెడల్పున మాత్రము 1024 చుక్కలను 1366 చుక్కల మేర సాగదీసి తెర నిండినది. అనగా అడ్డముగా ప్రతి మూడు అంగుళములు నాలుగు అంగుళములైనవి. ఫైలులో బుటా వెడల్పు 120 హుక్కులే; తెరమీద 160 హుక్కులంత కనబడెను. కుర్రవాడు దానిని 90 హుక్కులకు తగ్గించగా తెరమీద 120 అంత కనబడి గుండ్రముగా తోచెను. మగ్గము తెరను చూడదు, అట్టను చూచును. అట్టలో 90 ఉన్నది గనుక 90 హుక్కుల బుటాయే నేతలో వచ్చినది.

అట్టలు మరల కొట్టించవలసి వచ్చెను. నేసిన ముక్క వృథా అయ్యెను. దుకాణమునకు తిరిగి పోగా "గ్రాఫిక్సు చిప్పు పోయినది, కొత్త యంత్రము తీసికొనుడు" అని చెప్పిరి. అప్పుకు సిద్ధపడుచున్న సమయమున వారు మమ్ము అడిగిరి. ఫోనుమీదనే ఒక్కొక్కటి చూపించుకొనగా చిప్పు నిక్షేపముగా నున్నదనియు, దానికి డ్రైవరు లేదనియు తేలెను. సెల్‌ఫోను ఇంటర్నెట్టుతో విండోస్ అప్డేట్ ద్వారా డ్రైవరు తెప్పించగా తెర పూర్వపు రూపునకు వచ్చినది. ఖర్చు ఫోను డేటా మాత్రమే.

డ్రైవరు అనగా నేమి?

జకార్డు ఎరిగిన మనకు ఇది సులభముగా బోధపడును. ఫ్రాన్సు దేశమున జకార్డు 1804లో రూపొందించిన యంత్రమున అట్టలో రంధ్రమున్నచోట హుక్కు లేచును, లేనిచోట లేవదు. డిజైను గీసినవాని మనసులోని మాటను మగ్గమునకు అర్థమగు భాషలో చెప్పునది అట్ట. 240 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలను 400 హుక్కుల జకార్డుమీద ఎక్కించినచో పని జరుగునా? అట్టలలో తప్పు లేదు, జకార్డులో తప్పు లేదు. ఒకదానికొకటి పొసగలేదు, అంతియే.

కంప్యూటరులో బొమ్మను తయారుచేసి తెరకు పంపు పని గ్రాఫిక్సు చిప్పుది. అది కొన్నింటిలో ప్రధాన చిప్పులోనే కలిసియుండును, కొన్నింటిలో వేరుగా కార్డురూపమున ఉండును. "ఇచ్చట గీత గీయుము, ఇచ్చట రంగు నింపుము" అని ఆజ్ఞలిచ్చునది విండోస్. ఆ ఆజ్ఞలను ఆయా చిప్పునకు తెలిసిన భాషలోనికి మార్చునది డ్రైవరు. చిప్పు చేసిన కంపెనీవారే దానిని వ్రాసి ఇత్తురు.

విండోస్ మారినప్పుడెల్ల ఈ ఆజ్ఞల పద్ధతి కూడ కొంత మారుచు వచ్చినది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నాటి డ్రైవర్ల పద్ధతి వేరు. 2007లో విస్టాతో కొత్త పద్ధతి వచ్చినది. 2012లో వచ్చిన విండోస్ 8 ఎక్స్‌పీ నాటి తెర డ్రైవర్లను పూర్తిగా విడిచిపెట్టినది. 2015లో విండోస్ 10తో కొత్త పద్ధతి రెండవ కూర్పు వచ్చినది. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసము ఆ రెండవ కూర్పు డ్రైవరు ఉండవలెనని నియమము. కావున పాత చిప్పునకు కొత్త పద్ధతి తెలిసిన డ్రైవరు దొరకనిచో విండోస్ తనవద్ద నున్న సామాన్యమైన డ్రైవరుతో సరిపెట్టును. దాని పేరు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్ప్లే అడాప్టరు". సాదా నేత మాత్రమే తెలిసినవానిని జరీ అంచు మగ్గముమీద కూర్చుండబెట్టినట్లుండును. గుడ్డ వచ్చును గాని అంచు రాదు.

మొదట చేయవలసిన పనులు

ఒకటి, డిజైను ఫైళ్లన్నియు పెన్‌డ్రైవులోనికి నకలు తీయుడు. తెర వంకరగా నున్నను ఫైళ్లు చెక్కుచెదరవు. కాని మరమ్మతులో ఎవరైన విండోస్ మొత్తము తుడిచి మరల వేయుదమన్నచో, సంవత్సరముల కష్టము పోవచ్చును.

రెండు, తెర వచ్చునంతవరకు డిజైన్లు తెరచి దిద్దకుడు. అట్టలు కొట్టించకుడు.

మూడు, తీగ చూడుడు. వేరుగా గ్రాఫిక్సు కార్డు ఉన్న కంప్యూటరుకు వెనుక రెండుచోట్ల తెర తీగ పెట్టు గూళ్లుండును. తుడుచుటకో, దుకాణమునకో తీసి మరల పెట్టునప్పుడు తీగ మరియొక గూటిలో పెట్టుట సాధారణముగా జరుగు పొరపాటు.

నాలుగు, యంత్రము వెలిగించగానే, విండోస్ రాకముందు కనబడు కంపెనీ పేరును, అక్షరములను గమనించుడు. అప్పుడే గీతలు, చారలు, రంగు మచ్చలు కనబడినచో అది డ్రైవరు దోషము కాదు. చిప్పులోనో, తీగలోనో, తెరలోనో దోషమున్నది. అప్పుడు శుభ్రముగా నుండి విండోస్ వచ్చిన పిమ్మట చెడినచో డ్రైవరును అనుమానింపవలెను. దుకాణమునకు పోవుటకు ముందు ఈ ఒక్కటి చూచుకొన్నను చాల ఖర్చు తప్పును.

అయిదు, ఇంటర్నెట్టు కలిపి కొంతసేపు ఊరకుండుడు. విండోస్ చాలసార్లు తనంతట తానే డ్రైవరును వెదకి తెచ్చుకొనును. తరువాత ఒకసారి యంత్రమును ఆపి వెలిగించుడు. కొత్త విండోస్ నెట్టు తీగను గుర్తింపనిచో సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఫోను ఇంటర్నెట్టు వాడవచ్చును.

చిప్పు పేరు తెలిసికొనుట

స్టార్ట్ గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి "డివైస్ మేనేజరు" తెరువుడు. అందులో "డిస్ప్లే అడాప్టర్స్" అను వరుస క్రింద చిప్పు పేరు ఉండును. ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ పేర్లలో ఏదైన కనబడి, ప్రక్కన పసుపు గుర్తు లేనిచో డ్రైవరు ఉన్నట్లే. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్ప్లే అడాప్టరు" అని ఉన్నచో అసలు డ్రైవరు లేదు.

అట్లున్నప్పుడు అసలు చిప్పు ఏదో ఎట్లు తెలియును? ఆ పేరుమీద రెండుసార్లు నొక్కి, "డీటెయిల్స్" పుటలో "హార్డ్‌వేర్ ఐడీస్" అనుదానిని ఎన్నుకొనుడు. అక్కడ "వెన్" అను అక్షరముల తరువాత నాలుగు గుర్తులు, "డెవ్" అను అక్షరముల తరువాత నాలుగు గుర్తులు కనబడును. మొదటిది చిప్పు ఇంటిపేరు, రెండవది దాని సొంత పేరు అనుకొనవచ్చును. ఇంటిపేరు 8086 అయినచో ఇంటెల్ వారిది. 10డీఈ అయినచో ఎన్విడియా వారిది. 1002 అయినచో ఏఎండీ వారిది. ఈ రెండింటిని కాగితముమీద వ్రాసికొనుడు. ఈ గుర్తులతో మైక్రోసాఫ్ట్ వారి అప్డేట్ కేటలాగులో వెదకినను డ్రైవరు దొరకవచ్చును. అదే సమయమున విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా అని కూడ "సెట్టింగ్స్"లోని "సిస్టమ్, అబౌట్" పుటలో చూచి వ్రాసికొనవలెను. ఒకదాని డ్రైవరు రెండవదానికి పనికిరాదు. విండోస్ 11 మాత్రము 64 బిట్లది తప్ప వేరు లేదు.

కోడ్ సంఖ్యల అర్థము

డివైస్ మేనేజరులో చిప్పు పేరుపై రెండుసార్లు నొక్కినప్పుడు "డివైస్ స్టేటస్" అను పెట్టెలో ఒక్కొక్కప్పుడు కోడ్ సంఖ్య కనబడును. ఇంగ్లీషు వాక్యము అర్థము కాకున్నను సంఖ్య చదివిన చాలును.

కోడ్ 22: పరికరమును ఎవరో ఆపివేసియున్నారు. "ఎనేబుల్ డివైస్" నొక్కిన చాలును.

కోడ్ 28: డ్రైవరు అసలే లేదు. తెచ్చి వేయవలెను.

కోడ్ 10, కోడ్ 31: విండోస్ పరికరమును నడిపింపలేకున్నది. విండోస్ మార్చిన వెంటనే వచ్చినచో పాత డ్రైవరు పొసగకపోవుట సాధారణ కారణము. పాతది తీసివేసి సరియైనది వేయవలెను.

కోడ్ 39: డ్రైవరు ఫైలు చెడినది, లేదా కనబడుట లేదు. తీసివేసి మరల వేయవలెను.

కోడ్ 52: డ్రైవరుపై నుండవలసిన డిజిటల్ సంతకము రుజువు కాలేదు. ఎక్కడెక్కడనో దొరికిన డ్రైవర్లకు ఇది వచ్చును. ఆ తనిఖీని ఆపివేసి బలవంతముగా ఎక్కించుమని ఎవరైన చెప్పినను వినకుడు.

కోడ్ 43: పరికరమే తనలో లోపమున్నదని తెలిపినందున విండోస్ దానిని ఆపినది. డ్రైవరువలన కావచ్చును, చిప్పువలన కావచ్చును. డ్రైవరు మార్చినను పోనిచో నిపుణునికి చూపవలెను.

డ్రైవరు తెచ్చుకొను క్రమము

మొదటి చోటు విండోస్ అప్డేట్. విండోస్ 10లో "వ్యూ ఆప్షనల్ అప్డేట్స్" అనుచోట, విండోస్ 11లో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోపల "ఆప్షనల్ అప్డేట్స్" అనుచోట డ్రైవర్ల జాబితా ఉండును. రేగుంటవారికి ఇక్కడనే దొరికినది.

రెండవ చోటు కంప్యూటరు కంపెనీవారి సొంత పుట. ముఖ్యముగా లాప్‌టాపులకు ఇదే మేలు. లాప్‌టాపు కంపెనీలు చిప్పు డ్రైవరును తమ యంత్రమునకు తగినట్లు సవరించి ఇచ్చుచుండును. అట్టి యంత్రమున చిప్పు కంపెనీవారి సాధారణ డ్రైవరు వేయబోయినచో ఒక్కొక్కప్పుడు "ఇది ఈ కంప్యూటరుకు తగినది కాదు" అని నిరాకరించును. యంత్రము అడుగున అంటించిన కాగితముమీద నున్న మోడలు సంఖ్యతో వెదకవలెను.

మూడవ చోటు చిప్పు కంపెనీవారి పుట, అనగా ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ పుటలు. డ్రైవర్లు ఎన్ని వందల మెగాబైట్లయినను ఉండవచ్చును గనుక ఫోను డేటా చూచుకొని దింపుకొనుడు.

నాలుగవ చోటు లేదు. "మీ యంత్రమున ఇన్ని డ్రైవర్లు పాతబడినవి, రుసుము చెల్లించిన సరిచేయుదుము" అని బెదిరించు ప్రకటనలను నమ్మకుడు. ఉచితముగా దొరకు వస్తువునకు డబ్బు అడుగుటే గాక, అందులో కొన్ని యంత్రములోనికి దొంగలను తెచ్చును. బ్యాంకు లెక్కలున్న యంత్రమున ఇట్టివి వేయుట ఎంతమాత్రమును తగదు.

డ్రైవరు వేయుచుండగా కరెంటు పోయినచో పని సగములో ఆగి చిక్కు పెరుగును. కరెంటు నిలుకడగా నుండు వేళ చూచి, లాప్‌టాపు అయినచో బ్యాటరీ నింపి, ఆ తరువాతనే మొదలుపెట్టుడు. వేయుచుండగా తెర రెండు మూడుసార్లు నల్లబడి వెలుగును. కంగారుపడి మీట నొక్కరాదు.

కొత్త డ్రైవరు వేసిన తరువాతనే తెర చెడినచో డివైస్ మేనేజరులో "డ్రైవర్" పుటలోని "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కుడు, ముందున్నది తిరిగివచ్చును. ఆ మీట వెలవెలబోయి యున్నచో వెనుకటి డ్రైవరు లేదన్నమాట. అప్పుడు "అన్ఇన్‌స్టాల్ డివైస్" నొక్కి, డ్రైవరును కూడ తొలగించుమను చిన్న గడిలో గుర్తు పెట్టి, యంత్రమును ఆపి వెలిగించి, సరియైనది వేయవలెను.

తెర పూర్తిగా నల్లబడినచో

పని మధ్య తెర నల్లబడి, యంత్రము మాత్రము నడుచుచున్నట్లు తోచినచో విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను ఒకేసారి నొక్కుడు. చిన్న శబ్దము వచ్చి డ్రైవరు తిరిగి మొదలగును. తెరచిన ఫైళ్లకు నష్టము లేదు.

"డిస్ప్లే డ్రైవరు స్పందించుట మానినది, తిరిగి కోలుకొన్నది" అను అర్థము గల ఇంగ్లీషు సందేశము మాటిమాటికి వచ్చుట ఇంకొక బాధ. చిప్పు రెండు సెకండ్లలో జవాబు చెప్పనిచో విండోస్ దానిని తట్టి లేపుట ఇది. డ్రైవరు పొసగకపోవుట ఒక కారణము, వేడి మరియొక కారణము. మన ఇండ్లలో ఈ రెండవదానిని మరువరాదు. మగ్గము ఉన్న గదిలో నూలు పీచు గాలిలో తేలుచుండును. అది యంత్రము పంకాలో పేరుకొని గాలి ఆడనీయదు. కరెంటు తీగ తీసివేసి, మెత్తని కుంచెతో పీచు తొలగించి చూడుడు. కంప్యూటరును మగ్గపు గదిలో గాక వేరు గదిలో పెట్టుట ఉత్తమము.

విండోస్ వచ్చుటయే లేక నల్ల తెర నిలిచినచో సేఫ్ మోడు అను మార్గము కలదు. విండోస్ మొదలగుచుండగా మీట పట్టి ఆపివేయుట వరుసగా మూడుసార్లు చేసినచో నాలుగవసారి మరమ్మతు పుట వచ్చును. అందులో "ట్రబుల్‌షూట్", "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్", "స్టార్టప్ సెట్టింగ్స్", "రీస్టార్ట్" అను వరుసలో పోయి, చివర 4 అంకె నొక్కవలెను. ఇంటర్నెట్టు కూడ కావలెనన్నచో 5 నొక్కవలెను. అప్పుడు విండోస్ సామాన్యమైన తెర డ్రైవరుతో మాత్రమే వచ్చును. పైన చెప్పినట్లు చెడిన డ్రైవరును అక్కడ తీసివేయవచ్చును. కొన్ని యంత్రములలో డిస్కుకు తాళము వేయబడియుండును. అప్పుడు 48 అంకెల తాళపు సంఖ్య అడుగును. అది ముందుగానే వ్రాసి పెట్టుకొననివారు చిక్కులో పడుదురు.

ఏమి చేసినను కుదరనిచో వెనుకకు పోవు దారి ఒకటి కలదు. పాత విండోసును తుడిచివేయక దానిమీదనే కొత్తది ఎక్కించియున్నచో, పది దినముల లోపల "సెట్టింగ్స్"లోని "రికవరీ" పుటలో "గో బ్యాక్" నొక్కి పాతదానికి మరలవచ్చును. పది దినములు దాటినచో ఆ దారి మూసికొనును. కావున "తరువాత చూచుకొందము" అని తెర దోషమును వాయిదా వేయరాదు.

చిప్పు కంపెనీయే చేయి వదలినచో

కొన్ని చిప్పులకు కొత్త విండోస్ డ్రైవర్లు వ్రాయుటను కంపెనీలే మానుకొన్నవి. ఇంటెల్ వారు 2011లో తెచ్చిన రెండవ తరము కోర్ చిప్పులలోని గ్రాఫిక్సుకు విండోస్ 10 మద్దతును తమ తరఫున ప్రకటింపలేదు. విండోస్ అప్డేట్ ద్వారా వచ్చు డ్రైవరుతోనే సరిపెట్టుకొనవలెను. రేగుంటలోని యంత్రము ఈ తరమునకు చెందినదే. ఎన్విడియా వారి జీఫోర్స్ 8, 9, 200 వరుసల కార్డులకు 342.01 సంఖ్య గల డ్రైవరే చివరిది. అది 2016లో వచ్చినది. ఏఎండీ వారు రేడియాన్ హెచ్‌డీ 5000, 6000 వరుసలను 2015లో పాత కార్డుల జాబితాలో చేర్చిరి. ఇట్టివానికి ఇంకను కొత్త డ్రైవరు వచ్చునని ఎదురుచూచుట వృథా.

విండోస్ 11 విషయమున ఇంకను జాగ్రత్త అవసరము. ఇంటెల్ యంత్రములలో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరమునుండి మాత్రమే దానికి అంగీకారమున్నది. నియమములను తప్పించి పాత యంత్రములలో ఎక్కించువారు కలరు. ఎక్కించుట సాధ్యమే గాని, తెర డ్రైవరు నిలుచుననుటకు ఎవరును పూచీపడరు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. నమోదు చేసికొన్న ఇంటి వాడకందార్లకు మాత్రము రక్షణ సవరణల గడువును 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిరి.

ఇట్టి పాత యంత్రమున్నవారికి మా సలహా ఇది. డిజైను పనికి అది ఏ విండోసుతో చక్కగా నడుచుచుండెనో దానితోనే ఉంచి, ఇంటర్నెట్టు కలుపక, ఫైళ్లను పెన్‌డ్రైవు ద్వారా మార్చుకొనుడు. బ్యాంకు పనులను మద్దతు ఉన్న వేరొక యంత్రమునో, ఫోనునో వాడి చేసికొనుడు. రెండవ మార్గము లినక్స్. పాత ఇంటెల్, ఏఎండీ చిప్పులకు కావలసిన తెర డ్రైవర్లు చాలవరకు లినక్స్‌లోనే ఇమిడియుండును. కాని మీరు వాడు డిజైను సాఫ్ట్‌వేరు దానిపై నడుచునో లేదో ముందుగా విచారింపవలెను. జకార్డు, డాబీ డిజైన్ల కొరకు కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ ఇండియా కార్పొరేషన్ వారు తయారుచేసిన డిజిబునాయ్ అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. డిజైను సంబంధమైన సందేహములకు నాగపూరు, హైదరాబాదు, విజయవాడలలోని వీవర్స్ సర్వీస్ సెంటర్లను అడుగవచ్చును.

తెర నిజము చెప్పుచున్నదా?

డ్రైవరు వేసిన తరువాత "డిస్ప్లే సెట్టింగ్స్"లో "రికమెండెడ్" అని వ్రాసియున్న కొలతను ఎన్నుకొనుడు. అంతటితో పని అయినదనుకొనరాదు. పెయింట్ అను బొమ్మల పలక తెరచి, షిఫ్ట్ మీట నొక్కిపట్టి ఒక పెద్ద చతురస్రము గీయుడు. కొలబద్ద తీసికొని తెరమీదనే అడ్డము, నిలువు కొలువుడు. రెండును సమానమైనచో తెర నిజము చెప్పుచున్నది. సమానము కానిచో కొలత ఇంకను సరిపోలేదు. అచ్చు, పేకల లెక్కనుబట్టి గ్రాఫు గడి నిలువు, అడ్డము కొలతలు సహజముగా వేరుండు డిజైన్లు మనకు ఉన్నవి గనుక, బుటాను చూచి తెరను నిర్ణయింపరాదు; చతురస్రమును కొలిచి నిర్ణయింపవలెను. పాత డిజైను ఒకటి తెరచి, దాని ప్రకారము నేసిన గుడ్డ ముక్కను ప్రక్కన పెట్టి పోల్చుట ఇంకను మంచిది.

విండోస్ మార్చదలచినవారికి

ఇంకను మార్పు చేయనివారు ముందే ఈ పనులు చేసికొన్నచో పైన వ్రాసిన కష్టములలో చాలవరకు రావు. చిప్పు పేరు, "వెన్", "డెవ్" గుర్తులు, యంత్రము మోడలు సంఖ్య, డిస్కు తాళపు సంఖ్య ఇంటి లెక్కల పుస్తకములో ఒక పుటమీద వ్రాయుడు. కొత్త విండోసుకు ఆ చిప్పు డ్రైవరు ఉన్నదో లేదో కంపెనీ పుటలో ముందుగా చూచి, ఉన్నచో దింపి పెన్‌డ్రైవులో ఉంచుకొనుడు. లేనిచో మార్పు మానుకొనుడు. డిజైన్లను రెండుచోట్ల నకలు తీయుడు. పండుగ గిరాకీ రోజులలోను, ఆర్డరు గడువు దగ్గరపడినప్పుడును ఈ పని పెట్టుకొనకుడు.

దుకాణమునకు ఇచ్చునప్పుడు మూడు మాటలు అడుగుడు. పాతదానిపై ఎక్కించుదురా, తుడిచి వేయుదురా? తెర డ్రైవరు కంపెనీదే వేయుదురా? డివైస్ మేనేజరు తెరచి చిప్పు పేరు చూపుదురా? ఈ మూడవ ప్రశ్నకు జవాబును మీ కంటితో చూచిన తరువాతనే సొమ్ము చెల్లించుడు. పడుగు సరిచూడక మగ్గమెక్కువారు మనలో లేరు. తెర సరిచూడక అట్ట కొట్టించుటయు అట్లే మానవలెనని మా మనవి.